స్కాచ్ ఒరిజినల్... మరి జపాన్‌ది రీమేకా, డబ్బింగా?

విలన్ డెన్ సెట్టు వేశారంటే అందులో మూడు వస్తువులు వుండి తీరాలి. లైట్లు వెలిగి ఆరే మిషను ఒకటి, గోడకి పులి తల ఒకటి, టీపాయ్ మీద వ్యాట్ 69 సీసా ఒకటి! ఆ సీసా ఎన్ని తెలుగు, హిందీ చిత్రాల్లో నటించిందో లెక్క తీస్తే ఏ క్యారెక్టర్ ఆర్టిస్టూ దాని దరిదాపులకి రాడు. దానికి కాల్షీట్ల గొడవ లేదు, మేకప్ లేదు, పారితోషికం అసలే లేదు. స్మగ్లర్ దాన్ని గ్లాసులోకి వొంపుకుంటాడు. క్లబ్ డాన్సరు పాట మధ్యలో దాన్ని ఎత్తి చూపిస్తుంది. హీరో మాత్రం ముట్టుకోడు. ముట్టుకున్నాడా, ప్రేమ విఫలమైందన్నమాట!

అన్నట్టు, ఆ 69 వెనక ఏదో వుందని ముసిముసిగా నవ్వుకునే కుర్రకారుకి నిరాశే. 1882లో స్కాట్లాండ్‌లోని లీత్ రేవులో విలియం శాండర్సన్ అనే వ్యాపారి రకరకాల విస్కీలు కలిపి దాదాపు 100 మిశ్రమాలు తయారుచేశాడు. ఒక్కోదాన్ని ఒక్కో తొట్టిలో పోసి నంబరు వేయించాడు. రుచి తెలిసిన నలుగురినీ పిలిచి ఏది బావుందో చెప్పమన్నాడు. వాళ్ళు 69వ తొట్టి దగ్గర ఆగారు. అదీ సంగతి!

ఇంతకీ తెర మీద మనం అన్నేళ్ళు చూసింది సీసానే గాని విస్కీని కాదు. సెట్లో గ్లాసులోకి వచ్చేది టీ డికాక్షనో, రంగునీళ్ళో, కూల్‌డ్రింకో. అందుకే స్కాచ్ పేరు తెలియని తెలుగు ప్రేక్షకుడు లేడు గాని, స్కాచ్‌కీ ఇంకోదానికీ రుచిలో తేడా ఏమిటంటే మాత్రం ఎవరూ చెప్పరు. ఆ తేడా ఏమిటో చూసి రాయాలని నాకు చాలాకాలంగా కోరిక. అది టోక్యోలో తీరింది.

ముందు ఓ మాట. 21 ఏళ్ళు నిండని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ దీన్ని కథలా చదువుకుని పేజీ తిప్పేయండి. నిండినవాళ్ళు తాగి తీరాలన్న రూలేమీ లేదు. తెర మీద మూలన హెచ్చరిక కార్డు వేస్తారే, అది ఈ పేజీ మూలన కూడా వున్నట్టే లెక్క.

మాక్‌బెత్ జపాన్ వెళితే...

టోక్యో ఎందుకంటారా? అసలు ప్రశ్న అక్కడే వుంది మరి.

షేక్స్‌పియర్ 'మాక్‌బెత్' కథ జరిగేది స్కాట్లాండ్‌లో. 1957లో అకిరా కురొసావా దాన్ని తీసుకుని 'త్రోన్ ఆఫ్ బ్లడ్' తీశారు. స్కాట్లాండ్ రాజులు జపాన్ సమురాయ్‌లు అయ్యారు. నటనలో వాళ్ళ నో నాటకం బాణీ తెచ్చారు. ఆఖరి దృశ్యంలో తొషిరో మిఫూనే మీదికి నిజం బాణాలే వేయించారు! కథ స్కాట్లాండ్‌దే. సినిమా మాత్రం నూటికి నూరుపాళ్ళూ జపాన్‌ది. దీన్ని రీమేక్ అంటాం.

డబ్బింగ్ అలాకాదు. బొమ్మ వాళ్ళదే, మాట మాత్రం మనది. పెదవి కదలిక ఒకటి, వినిపించేది ఇంకోటి.

విస్కీ కూడా స్కాట్లాండ్ నుంచే జపాన్ వెళ్ళింది. అయితే అది డబ్బింగా, రీమేకా? ఈ విషయంలో ఇద్దరు మహానుభావులు విడిపోయారు కూడా. వాళ్ళ కథ వింటే ఏ నిర్మాతకైనా నోరూరుతుంది.

నోటుబుక్కుతో వచ్చిన కుర్రాడు

మసటాకా తకెత్సురు 1894లో హిరోషిమా ప్రాంతంలోని తకెహారాలో పుట్టాడు. వాళ్ళది సాకే, అంటే బియ్యపు మద్యం కాచే కుటుంబం. ఒసాకాలో అతను పనిచేస్తున్న కంపెనీ 1918లో అతన్ని స్కాట్లాండ్ పంపింది, అసలు విస్కీ ఎలా చేస్తారో నేర్చుకు రమ్మని. గ్లాస్గో యూనివర్సిటీలో రసాయనశాస్త్రం చదివాడు. లాంగ్‌మోర్న్‌లో కొన్నాళ్ళు, క్యాంబెల్‌టౌన్‌లోని హేజెల్‌బర్న్‌లో కొన్నాళ్ళు పని నేర్చుకున్నాడు. కనిపించిందల్లా నోటుబుక్కులోకి ఎక్కించాడు. బట్టీల బొమ్మలు గీశాడు, కొలతలు రాశాడు.

ఇక్కడ హీరోయిన్ ప్రవేశం! గ్లాస్గో దగ్గర కిర్కిన్‌టిల్లాక్ అనే ఊళ్ళో ఓ డాక్టరు గారి కుటుంబం. ఆ ఇంటి కుర్రాడికి జూడో నేర్పడానికి వెళ్ళాడు మనవాడు. అక్క పేరు రీటా కోవన్. ఆ ఇంట్లో క్రిస్మస్‌కి పుడ్డింగ్‌లో చిన్న చిన్న వస్తువులు దాచి పంచుతారు. మనవాడి వాటాలో వెండినాణెం వచ్చింది, రీటా వాటాలో కుట్టుపనికి వేలికి పెట్టుకునే తొడుగు వచ్చింది. ఈ రెండూ వచ్చినవాళ్ళకి పెళ్ళవుతుందని వాళ్ళ నమ్మకమట! రెండు కుటుంబాలూ కాదన్నాయి. 1920 జనవరిలో రిజిస్టరు పెళ్ళి చేసుకుని, ఆ ఏడాది చివరికి జపాన్ చేరారు.

చేరేసరికి పంపిన కంపెనీ దగ్గర డబ్బు లేదు. విస్కీ మాట ఎత్తవద్దంది. అప్పుడు రంగంలోకి వచ్చినవాడు షింజిరో తోరీ. తియ్యని పోర్టు వైన్ అమ్మి బాగా గడించిన వ్యాపారి. 1923లో క్యోటో దగ్గర యమజాకీలో డిస్టిలరీకి పని మొదలుపెట్టించి, తకెత్సురుని పదేళ్ళ ఒప్పందం మీద తీసుకున్నాడు. యమజాకీ అంటే మూడు నదులు కలిసే చోటు. మన భాషలో త్రివేణీ సంగమం అనుకోండి. పొగమంచు పడుతుంది, నీళ్ళు బావుంటాయి. టీ గురువు సెన్ నో రిక్యూ తన టీ గది కట్టుకున్న చోటు కూడా అదే.

1929లో మొదటి సీసా 'షిరోఫుదా' విడుదలైంది. అట్టర్ ఫ్లాప్!

కారణం ఏమిటంటే తకెత్సురు స్కాట్లాండ్‌లో నేర్చుకున్నది ఉన్నదున్నట్టు దింపేశాడు. బార్లీని అక్కడిలాగే పీట్ పొగ మీద ఆరబెట్టాడు. చేపలూ బియ్యమూ తిని, సన్నని రుచులకి అలవాటుపడ్డ జపాన్ జనానికి అది మాడు కంపు కొట్టింది. అచ్చమైన డబ్బింగ్ సినిమా అన్నమాట.

తోరీ వ్యాపారి కదా, జనం నాడి పట్టాలన్నాడు. తకెత్సురు మాత్రం, విస్కీ అంటే ఇదే, జనమే అలవాటుపడాలన్నాడు. ఒప్పందం గడువు తీరింది, 1934లో తకెత్సురు బయటికొచ్చేశాడు. ఉత్తరాన హొక్కైడో దీవిలో చలీ, పీటూ, సముద్రపు గాలీ వున్న యొయిచీ అనే ఊరు చూసుకున్నాడు. అక్కడికొస్తే స్కాట్లాండ్‌కి వచ్చినట్టే వుంటుందని! విస్కీ పీపాల్లో ముదిరేదాకా పూట గడవాలిగా? ఆపిల్ రసం తీసి అమ్మాడు. ఆ జ్యూస్ కంపెనీ జపనీస్ పేరుని కుదిస్తేనే 'నిక్కా' అయింది. నిక్కా మొదటి విస్కీ 1940లో వచ్చింది.

ఇటు తోరీ 1937లో పొగ తగ్గించి, నునుపు పెంచి, తాబేటి చిప్ప గీతల సీసాలో 'కాకుబిన్' తెచ్చాడు. సూపర్ హిట్! ఆయన కంపెనీయే నేటి సన్‌టోరీ.

రీటా కథ మాత్రం కన్నీళ్ళ కథ. యుద్ధకాలంలో గూఢచారి అనే అనుమానంతో పోలీసులు ఆమె మీద నిఘా పెట్టారు. అప్పటికే జపాన్ పౌరసత్వం తీసుకుందామె. అయినా మొహం చూసి అనుమానించారు. 1961లో యొయిచీలోనే కన్నుమూసింది. తకెత్సురు 1979 దాకా వున్నాడు. ఆ ఊళ్ళో స్టేషను దగ్గరి వీధికి ఆమె పేరే పెట్టారు. 2014-15లో జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కే వీళ్ళ కథని 'మస్సాన్' పేరుతో రోజుకి 15 నిమిషాల ఉదయపు సీరియల్‌గా 150 ఎపిసోడ్లు వేసింది. ఆ వరస సీరియళ్ళలో విదేశీ నటి కథానాయిక కావడం అదే మొదలు. ఆమె పేరు షార్లెట్ కేట్ ఫాక్స్. సీరియల్ దెబ్బకి నిక్కా సీసాలు అంగళ్ళలో దొరక్కుండా పోయాయి.

బారులో మాస్టారు

జపాన్‌లో తెలుగు సినిమా ఎలా ఆడుతోందో చూసి రాద్దామని వెళ్ళిన ప్రయాణమది. 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' అక్కడ విడుదలయ్యాక మన పేరు చెబితే టాక్సీ డ్రైవర్లు కూడా నవ్వుతున్నారు లెండి. అక్కడ నిషి-కసాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మిత్రుడొకడున్నాడు. మావాడు పక్కా స్కాచ్ అభిమాని. "స్కాచ్ అంటే స్కాచే గురూ! మిగతావన్నీ జూనియర్ ఆర్టిస్టులు" అని వాడి సిద్ధాంతం. వాణ్ణే పరీక్షకి కూర్చోబెట్టాలని నిశ్చయించాను.

బారంటే పెద్ద హాలు కాదు. ఎనిమిది కుర్చీలు, వెనక గోడ నిండా సీసాలు. కౌంటరు వెనకున్నాయన్ని అక్కడ 'మాస్టర్' అంటారు. అరవై దాటినాయన, నల్ల కోటు, మెడకి బో. మన 'మాస్టారు'కి పనికొచ్చే మనిషే! మూడు స్కాచ్‌లు, మూడు జపాన్‌వి, జతలు జతలుగా పోయమన్నాను. ఏది ఏదో నాకు మాత్రం చీటీ రాసిచ్చి, మావాడికి చెప్పొద్దన్నాను. ఒక్కోటి 'హాఫ్', అంటే 15 మిల్లీలీటర్లు. పక్కన మంచినీళ్ళు.

మాస్టారు గ్లాసులు పెట్టి మూడు నిమిషాలు ఏదో చెప్పారు. చేత్తో ముక్కు చూపించారు, కళ్ళు మూసుకున్నారు, గ్లాసు వంచారు. మావాడు తిరిగి, "వాసన చూడమంటున్నారు గురూ" అన్నాడు.

అంతేనా?

సోఫియా కొప్పోలా తీసిన 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' గుర్తొచ్చింది. 2003లో వచ్చిందది. అందులో బిల్ ముర్రే సన్‌టోరీ విస్కీ ప్రకటనలో నటించడానికి టోక్యో వస్తాడు. డైరెక్టరు ఆవేశంగా పేజీలకి పేజీలు చెబితే, దుబాసీ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది! ఆ కథ ఊరికే పుట్టలేదండోయ్. 1980లో కురొసావా 'కగెముషా' తీస్తున్నప్పుడు సోఫియా తండ్రి ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, కురొసావాతో కలిసి సన్‌టోరీ ప్రకటనల్లో కనిపించాడు. ఆర్సన్ వెల్స్ నిక్కాకి చేశాడు. అన్నిటికన్నా చిత్రం, స్కాట్లాండ్‌లో పుట్టి పెరిగిన మన జేమ్స్ బాండ్ షాన్ కానరీ 1990లలో సన్‌టోరీకి మోడల్! సొంతూరి వాళ్ళు ఏమనుకున్నారో మరి.

మొత్తానికి మాస్టారు చెప్పిందంతా రాబట్టాను. గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా వుండాలి. వాసనలు పైన గుమిగూడతాయి. ముక్కు లోపల దూర్చకూడదు, అలా చేస్తే ఆల్కహాలు ఘాటు తప్ప ఏమీ తెలీదు. పెదవులు కాస్త తెరిచి పీల్చాలి. చిన్న గుక్క, నాలుక మీద తిప్పాలి. ఆ తర్వాత ఓ నాలుగు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ మొదట్నుంచి. నీళ్ళు కలపడం నేరమనే పెద్దమనుషులుంటారు. వాళ్ళ మాట వినక్కర్లేదు. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలిద్దరు లెక్కగట్టి చూపారు. పొగవాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం, నీళ్ళు కలిపితే పైకి తేలి ముక్కుకి బాగా అందుతుందట. ఫ్యాక్టరీల్లో మిశ్రమాలు కలిపే బ్లెండర్లు కూడా బాగా నీళ్ళు కలిపి వాసనే చూస్తారు, తాగుతూ కూర్చుంటే సాయంత్రానికి ఉద్యోగం వుండదు!

జత జతకీ ఓ కథ

మొదటి జత తేలికైనవి. ఒకటి గ్లెన్‌లివెట్ 12 ఏళ్ళది. అనాసపండు, తేనె, మెత్తగా జారిపోతుంది. మంచివాడి వేషాలేసే హీరో లాంటిది, తప్పు పట్టలేం, గుర్తూ వుండదు. రెండోది హకుషు 12. దాన్ని 1973లో యమనాషీ అడవుల్లో, 700 మీటర్ల ఎత్తున కట్టిన డిస్టిలరీలో చేస్తారు. ముక్కు దగ్గర పెట్టగానే పచ్చి ఆపిల్, పుదీనా, వానకి తడిసిన గడ్డి. వెనకాల దూరంగా ఎవరో చితుకుల మంట వేసినట్టు పొగ. నా ఓటు హకుషుకి. మావాడు, "మొదటిది స్కాచ్, రెండోది కాదు" అని కరెక్టుగా చెప్పి కాలరెగరేశాడు.

రెండో జత దగ్గరే నేను ఎక్కువసేపు కూర్చున్నాను.

మకాలన్ 12, షెర్రీ పీపాల్లో ముదిరింది. స్పెయిన్‌లో షెర్రీ వైన్ వున్న ఓక్ పీపాల్లో స్కాట్లాండ్ విస్కీ పోసి ఏళ్ళతరబడి వుంచుతారు. రంగూ అక్కణ్ణించే, తీపీ అక్కణ్ణించే. కిస్‌మిస్, ఖర్జూరం, లవంగం, నారింజ తొక్క. సంక్రాంతి ముందు అరిసెలకి బెల్లం పాకం పట్టే వంటింటి వాకిట్లో నిలబడ్డట్టుంటుంది. మింగాక కూడా చాలాసేపు పోదు. పేరు ఊరికే రాలేదు. 2023 నవంబరులో లండన్ వేలంలో 1926 నాటి మకాలన్ సీసా ఒక్కటి 20 లక్షల పౌన్లు దాటి పలికింది. ఆ డబ్బుతో మనవాళ్ళు ఓ మంచి సినిమా తీసేస్తారు!

దాని పక్కన యమజాకీ 12. మొదట పీచ్ పండు, కొబ్బరి, కాస్త లవంగం. ఇందాకటి మకాలన్ చుట్టమే అనిపిస్తుంది. నాలుగు చుక్కల నీళ్ళు వేసి రెండు నిమిషాలు ఆగాను. అప్పుడొచ్చింది... గంధపు చెక్క! అగరుబత్తి! హారతి అయిపోయి జనం వెళ్ళిపోయాక గుడిలో మిగిలే వాసన.

ఇది మిజునారా అనే జపాన్ ఓక్ మహిమ. యుద్ధకాలంలో బయటి దేశాల పీపాలు రాక, గత్యంతరం లేక ఇంటి చెట్టు నరికి పీపాలు చేశారు. ఆ కర్ర వంకర, కారుతుంది, పనివాళ్ళు తిట్టుకునేవాళ్ళు. కొత్తలో రుచీ బాలేదన్నారు. ఏళ్ళు గడిచాక మూత తీస్తే ఈ పరిమళం! యమజాకీలో అమెరికా ఓక్, స్పెయిన్ ఓక్ పీపాల సరుకుతో పాటు దీన్నీ కొంచెం కలుపుతారు. స్కాట్లాండ్‌లో నేర్చుకున్న దేదీ దీన్ని ఇవ్వలేదు, ఇచ్చింది జపాన్ అడవి. తోరీ గెలిచాడనిపించింది నాకు ఆ గ్లాసు దగ్గర. మావాడు ఒక్కమాట మాట్లాడకుండా ఖాళీ చేసి, "ఇది జపాన్‌ది. కానీ గురూ..." అని ఆగిపోయాడు. ఆ 'కానీ' తర్వాత మాట ఇప్పటికీ చెప్పలేదు.

మూడో జత పొగబోతులది. లఫ్రోయిగ్ 10 ఏళ్ళది, ఐలా దీవి సరుకు. దీన్ని మొదటిసారి వాసన చూసిన మనిషి మొహం చూడాలి! టించర్ అయోడిన్, ఆస్పత్రి వార్డు, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప, సముద్రపు నాచు, అన్నీ ఒకేసారి. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్ళు కుళ్ళి గట్టిపడ్డ మొక్కల మట్టి. ఎండబెట్టి పిడకల్లా కాలుస్తారు. ఆ పొగ బార్లీకి పట్టుకుంటుంది. నచ్చనివాళ్ళు గ్లాసు తోసేస్తారు, నచ్చినవాళ్ళు జన్మలో వదలరు. మన సినిమాల్లో కొందరు విలన్ల లాగన్నమాట, హీరో ఎవరైనా జనం వాళ్ళ కోసమే వస్తారు.

పక్కన యొయిచీ, అంటే తకెత్సురు సొంత చిత్రం. అక్కడ బట్టీల కింద ఈనాటికీ బొగ్గుమంటే. మనిషి పార పట్టుకుని మాటిమాటికీ బొగ్గు ఎగదోస్తూ వుండాలి. రాగి బట్టీల మెడకి మాత్రం మన మామిడి తోరణంలా గడ్డితాడు, తెల్లకాగితాలు కడతారు. సాకే కాచే ఇంటి ఆచారం! రుచి చూస్తే పొగ, ఉప్పు, కాల్చిన ఆపిల్, కాస్త మాడిన పంచదార. గట్టి విస్కీ.

మావాడు రెండు గ్లాసులూ చూసి, "ఈ రెండూ స్కాచే. పందెం!" అన్నాడు. చీటీ చూపిస్తే నమ్మలేదు, మాస్టారిని సీసా తీసి చూపించమన్నాడు. 1979లో పోయిన పెద్దాయన వింటే ఎంత మురిసిపోయేవాడో! ఆయన జీవితాంతం కోరుకున్నది అదే కదా. నా మట్టుకు నాకు పొగే కావాలంటే లఫ్రోయిగ్ చాలు. పెదవి కదలిక ఎంత కుదిరినా డబ్బింగ్ డబ్బింగే. మావాడు ఒప్పుకోలేదు లెండి, యొయిచీ ఇంకో హాఫ్ చెప్పాడు.

ఇచ్చిపుచ్చుకోని ఇరుగుపొరుగు

రెండు దేశాల మధ్య తేడా నీళ్ళలో వుందంటారు, గాలిలో వుందంటారు. నాకైతే మనుషుల్లోనే వుందనిపించింది. స్కాట్లాండ్‌లో 140కి పైగా డిస్టిలరీలున్నాయి. ఒకరి పీపాలు ఒకరికి మార్చుకుంటారు. వ్యాట్ 69 లాంటి మిశ్రమంలో ఎన్నో ఊళ్ళ సరుకు వుంటుంది. అందుకని ఒక్కో డిస్టిలరీ తనకొచ్చిన ఒక్క బాణీనే పట్టుకు కూర్చుంటే చాలు.

జపాన్‌లో అలా కుదరదు. సన్‌టోరీ, నిక్కా ఎదురెదురు కంపెనీలు. విడిపోయిన అన్నదమ్ముల్లా పీపా కాదుగదా, చుక్క ఇచ్చిపుచ్చుకోరు! అందుకని ఒక్క యమజాకీలోనే రకరకాల ఆకారాల బట్టీలు, రకరకాల ఈస్టు, రకరకాల పీపాలు పెట్టుకుని అన్ని రుచులూ ఇంట్లోనే చేసుకోవాల్సొచ్చింది. వాళ్ళ రీమేక్ అలా తయారైంది, పొరుగింటికి వెళ్ళి పంచదార అడగలేని పరిస్థితిలోంచి.

అయితే జపాన్ వాళ్ళకీ కాలం కలిసిరాలేదు కొన్నాళ్ళు. 1983 దాకా విస్కీ జోరుగా అమ్ముడైంది, తర్వాత పాతికేళ్ళు పడిపోయింది. అదే 1983లో స్కాట్లాండ్‌లో కూడా సరుకు మిగిలిపోయి పోర్ట్ ఎలెన్, బ్రోరా లాంటి డిస్టిలరీలకి తాళాలు పడ్డాయి. తర్వాత 2008 ప్రాంతంలో సన్‌టోరీ వాళ్ళు విస్కీలో సోడా, ఐసు దండిగా వేసిన 'హైబాల్' అని కుర్రకారుకి అలవాటు చేశారు. ఇటు పోటీల్లో బహుమతులు రావడం మొదలైంది. 2014 చివర్లో ఓ ప్రసిద్ధ ఇంగ్లీషు సమీక్షకుడు యమజాకీ షెర్రీ విస్కీని ప్రపంచంలోకెల్లా ఉత్తమమని రాశాడు. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. కానీ 17 ఏళ్ళ విస్కీ కావాలంటే 17 ఏళ్ళ కిందటే పీపాలో పోసి వుండాలిగా? ఎవరూ కొనని రోజుల్లో ఎవరు పోస్తారు? 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్'లో బిల్ ముర్రే చేతిలో వున్న హిబికి 17ని 2018లో ఆపేశారు. హీరో వున్నాడు, సీసా లేదు.

టైటిల్ కార్డు మార్చిన ప్రింటు

సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఏం జరుగుతుందో చెప్పాలా? స్కాట్లాండ్‌లో పద్ధతి కఠినం. అక్కడే కాచాలి, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు అక్కడే ముదరాలి, 40 శాతం ఆల్కహాలు తగ్గకూడదు. జపాన్ చట్టంలో అలాంటి కట్టుబాటు లేదు. కొన్ని కంపెనీలు స్కాట్లాండ్ నుంచి విస్కీని టోకున దిగుమతి చేసుకుని, సీసాలో పోసి, పేరు జపనీస్ అక్షరాల్లో రాసి జపాన్ విస్కీగా అమ్మాయి! ఇది రీమేకూ కాదు, డబ్బింగూ కాదు. అవతలివాళ్ళ ప్రింటుకి మన టైటిల్ కార్డు అతికించడం. ఆ సీసాకి ఎక్కువ ధర పెట్టి, ఆహా జపాన్ సున్నితత్వం అని కళ్ళు మూసుకున్నవాళ్ళు పాపం తాగింది స్కాచే.

కెన్ లోచ్ తీసిన 'ది ఏంజెల్స్ షేర్' చూశారా? 2012లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పొందింది. ఏంజెల్స్ షేర్ అంటే పీపాలోంచి ఏడాదికి 2 శాతం చొప్పున ఆవిరైపోయే విస్కీ, దేవదూతల వాటా అని ముద్దుగా అంటారు. గ్లాస్గో కుర్రాళ్ళు నలుగురు ఓ అపురూపమైన పీపాలోంచి కాస్త దొంగిలించి, ఆ లోటుని మామూలు విస్కీతో నింపేస్తారు. మర్నాడు వేలంలో పెద్ద ధరకి కొన్న పెద్దమనిషి రుచి చూసి మురిసిపోతాడు. థియేటర్లో అందరూ నవ్వుతారు. జపాన్ లేబుళ్ళ సంగతి తెలిసినవాళ్ళు మాత్రం కాస్త ఇబ్బందిగా నవ్వుతారు.

చివరికి అక్కడి తయారీదారుల సంఘమే 2021లో నియమాలు పెట్టుకుంది, 2024 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమల్లోకొచ్చాయి. నీళ్ళు జపాన్‌వే అయుండాలి, కాచడం జపాన్‌లోనే, చెక్క పీపాలో కనీసం 3 ఏళ్ళు జపాన్‌లోనే. అప్పుడే 'జపనీస్ విస్కీ' అనే మాట వాడాలి. ఇది చట్టం కాదు, సంఘం సభ్యులకే వర్తిస్తుంది. కాబట్టి విదేశం నుంచి వచ్చే మిత్రుడు ఎవరైనా జపనీస్ అక్షరాల సీసా చేతిలో పెడితే, ముందు బొమ్మ కాదు, వెనక చిన్నక్షరాలు చదవండి. సమురాయ్ బొమ్మ ఎవడైనా వేయగలడు.

ఇందులో ఇంకో తమాషా. జపాన్ కంపెనీలు స్కాట్లాండ్ డిస్టిలరీలనే కొనేశాయి. 1986లో టొమాటిన్, 1989లో నిక్కా చేతికి బెన్ నెవిస్, 1994లో సన్‌టోరీ చేతికి బౌమోర్. 2014లో లఫ్రోయిగ్ కూడా సన్‌టోరీ గూట్లోకే వచ్చింది. అంటే మా మూడో జతలో 'ఒరిజినల్' యజమాని జపానోడు!

ఈ మాట మావాడికి చెప్పేసరికి మాస్టారు ఇంకో చిన్న చదరపు సీసా తీశారు. నిక్కా ఫ్రమ్ ది బ్యారెల్, 1985 నుంచి వస్తోంది, 51.4 శాతం. మా లిస్టులో లేదు, ఆయన సొంత సరదా. ఘాటుగా, చిక్కగా, కాల్చిన బెల్లంలా వుంది. ఆ రాత్రి తాగిన ఏడింటిలో డబ్బుకి తగ్గ విలువ దీనిదేనని నా అభిప్రాయం. కొత్త నియమాల ప్రకారం ఇది పూర్తిగా 'జపనీస్ విస్కీ' కిందికి రాదని కంపెనీయే ఒప్పుకుని చెప్పింది.

"అయితే దీన్నేమనాలి గురూ?" అన్నాడు మావాడు.

"కో-ప్రొడక్షన్ అను" అన్నాను.

వాడది జపనీస్‌లోకి మార్చి మాస్టారికి చెప్పాడు. నేనన్నది ఒక్క మాట. వాడు మూడు నిమిషాలు చెప్పాడు!